భాషాశబ్దము: అర్థభేదములు, భాషాభేదములు
(మైలవరపు సీమ ఆధారముగా ఒక పరిశీలన)

1. ప్రస్తావన

'భాష' యను మాట మనకు నిత్యపరిచితము. నిత్యపరిచితమగుటచేతనే దాని యర్థమేమని ప్రశ్నించుకొనవలసిన యవసరము తరచుగా తోచదు. ఈ క్రింది మూడు వాక్యములను చూడుడు. 'మన భాష తెలుగు.' 'అతని భాష మొరటు.' 'తండాలో మాటలాడునది భాష కాదు, దానికి లిపి లేదు.' మూడింటను మాట ఒక్కటియే. అర్థము మాత్రము ఒక్కటి కాదు. మొదటి వాక్యమున భాష యనగా ఒక జనసముదాయమునకెల్ల ఉమ్మడియైన వ్యవస్థ. రెండవదాన ఒక వ్యక్తి మాటతీరు. మూడవదాన ఒక గౌరవస్థానము. మొదటి రెండును వర్ణనలు, మూడవది తీర్పు. వర్ణనకు వాడవలసిన శబ్దమును తీర్పునకు వాడుటవలన కలుగు చిక్కులను విప్పి చూపుటయే ఈ వ్యాసము ప్రయోజనము.

చర్చ నిరాధారముగా నుండకుండుటకై యొక సీమను ఉదాహరణముగా గ్రహించితిమి. మైలవరము పూర్వము జమీందారీ స్థానము. చిరకాలము కృష్ణాజిల్లాలో నుండి, 2022 ఏప్రిలులో జరిగిన జిల్లాల పునర్విభజనలో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. విజయవాడనుండి జగదల్పూరు పోవు రహదారి ఇబ్రహీంపట్నము, కొండపల్లి, మైలవరము, ఎ. కొండూరు, తిరువూరుల మీదుగా తెలంగాణమును ప్రవేశించును. క్రింద కృష్ణా కాలువల మాగాణము. మీద మెట్టభూములు, కొండలు, మామిడితోటలు. నూరు కిలోమీటర్లైనను లేని యీ త్రోవపై భాషాశాస్త్రగ్రంథములు చెప్పు భేదములలో పెక్కు కంటికి, చెవికి అందుచున్నవి.

2. శబ్దవ్యుత్పత్తి, అర్థవికాసము

సంస్కృతమున 'భాష్' ధాతువునకు వ్యక్తముగా పలుకుట యని ధాతుపాఠము అర్థము చెప్పినది. ఇందు 'వ్యక్తము' అను విశేషణమే ముఖ్యము. పక్షి కూతయు, పసిబిడ్డ యేడుపును భావమును తెలుపును గాని భాష కావు. వర్ణములుగను, పదములుగను విడదీయుటకు వీలై, విడదీసిన వానిని మరల వేరొక విధమున కూర్చుటకు వీలైన పలుకే భాష. నేటి భాషాశాస్త్రము మానవభాషకు చెప్పు ముఖ్యలక్షణములలో నొకటి ఆ ప్రాచీన విశేషణమునందే సూచితమైనది.

పాణిని తన సూత్రములలో 'భాష' యన్నప్పుడు వేదభాషయైన ఛందస్సునకు భిన్నముగా తన కాలపు శిష్టులు వ్యవహరించు పలుకని యర్థము. నేడు మనము గ్రంథభాషలకు ఆదర్శముగా నెంచు సంస్కృతము నాడు వాడుకపలుకుగనే 'భాష' యనిపించుకొన్నది. ఈ విషయమును గ్రాంథికపక్షమువారును, వ్యావహారికపక్షమువారును సమానముగా జ్ఞాపకముంచుకొనదగును.

ధర్మశాస్త్రమున నీ శబ్దమునకు మరియొక యర్థము కలదు. యాజ్ఞవల్క్యస్మృతికి వ్యాఖ్యయైన మితాక్షర వ్యవహారమునకు నాలుగు పాదములు చెప్పుచు, వాది న్యాయస్థానమున చేయు మొదటి నివేదనమునకు 'భాష' యని పేరిడినది. తెలుగున 'భాష'కు తద్భవమైన 'బాస'కు పలుకు అను నర్థముతోపాటు ప్రతిజ్ఞ యను నర్థమును కలదు. బాసచేయుట, బాస తప్పుట యనునవి నేటికిని వాడుకలో నున్నవి. స్మృతులలోని భాషకును తెలుగు బాసకును గల సామ్యము గమనింపదగినది. రెండింటను నోటినుండి వెడలిన మాట ఆడినవానిని బంధించును. భాష భావప్రకటనసాధనము మాత్రమే కాక మనుష్యుల నడుమ నొక కట్టుబాటు కూడ నను భావము ఇందు గర్భితమై యున్నది.

ఉపసర్గలు చేరిన రూపములును అర్థవంతములే. శాస్త్రమునకు కావలసిన సాంకేతికపదజాలము పరిభాష. మూలమును వివరించు పలుకు భాష్యము. ఇరువురి మాట సంభాషణ. వ్యాకరణమున వికల్పమునకు విభాష యని పేరు. కాని భరతుని నాట్యశాస్త్రమున విభాష యన్న వేరు. అందు నాటకపాత్రలకు తగిన భాషలను చెప్పి, శబర, ఆభీర, ద్రవిడాది జనుల పలుకులను హీనములని పేర్కొని విభాషలనుట కలదు. 'తండాలోనిది భాష కాదు' అను నేటి తీర్పునకు పూర్వరూపము ఇచ్చటనే కన్పట్టుచున్నది.

తెలుగు లాక్షణికులు 'భాష'ను చాలవరకు పదజాలమను నర్థమున విచారించిరి. 13వ శతాబ్దివాడగు కేతన ఆంధ్రభాషాభూషణమున తత్సమము, తద్భవము, అచ్చతెనుగు, దేశ్యము, గ్రామ్యము అని యైదు తెరగులు చెప్పెను. 1858 నాటి బాలవ్యాకరణమున చిన్నయసూరి తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్యములని నాలుగింటిని గ్రహించెను. ఇందు మొదటివి పదముల పుట్టుకనుబట్టి చేసిన విభాగములు. గ్రామ్యమన్ననో పుట్టుకనుబట్టి కాక, లక్షణవిరుద్ధమను నిర్ణయముచేత నేర్పడిన విభాగము. వర్ణనమును తీర్పును ఒకే పట్టికలో చేరిన చోటిది.

'దేశభాష' యను మాటకు ఈ సీమ చరిత్రతో నేరుగా సంబంధము కలదు. కృష్ణదేవరాయలు కళింగదండయాత్రలో విజయవాడయందు విడిసి, కృష్ణాతీరమందలి శ్రీకాకుళమును దర్శించినప్పుడు ఆంధ్రమహావిష్ణువు స్వప్నమున గన్పట్టి తెలుగున కావ్యము రచింపుమని యాదేశించినట్లు ఆముక్తమాల్యద అవతారిక చెప్పుచున్నది. సంస్కృతమున కావ్యములు రచించిన రాజును తెలుగున వ్రాయుమని కోరుటలో దేశభాషకును కావ్యగౌరవము కలదను వాదము ఇమిడియున్నది.

3. శాస్త్రదృష్టిని మూడర్థములు

నేటి భాషాశాస్త్రము 'భాష' యను నొక్క మాటలో మూడు వేర్వేరు విషయములు కలిసియున్నవని గుర్తించినది. మొదటిది మనుష్యజాతికెల్ల సహజమైన భాషాశక్తి. రెండవది ఒక సముదాయము ఉమ్మడిగా నెరుగు వ్యవస్థ: ఇన్ని ధ్వనులు, ఇన్ని ప్రత్యయములు, వాక్యమున నిట్టి కూర్పు అను నియమముల మొత్తము. మూడవది ఆ వ్యవస్థ నాధారము చేసికొని వ్యక్తి ఆయా వేళలలో పలుకు పలుకు. స్విట్జర్లాండు పండితుడు ఫెర్డినాండ్ ద సొస్యూర్ ఉపన్యాసములను ఆయన మరణానంతరము 1916లో గ్రంథముగా ప్రకటించిన నాటినుండి ఈ విభాగము ప్రసిద్ధమైనది. ఫ్రెంచిలో నీ మూడింటికి మూడు మాటలు కలవు. తెలుగున మనము భాషాశక్తి, భాషావ్యవస్థ, వాగ్వ్యవహారము అని చెప్పుకొనవచ్చును.

ఈ విభాగమువలన ప్రయోజనమేమి? విద్యార్థి 'వానికి భాష రాదు' అనిపించుకొన్నప్పుడు ఏ భాష రాదో విచారింపవచ్చును. భాషాశక్తి లేని బాలుడు అత్యంతవిరళము. ఇంటిలో నేర్చిన వ్యవస్థ వానికి పూర్తిగా నుండును. రానిది పాఠశాల కోరు మరియొక వ్యవస్థ మాత్రమే. 'రాదు' అను ఒక్క మాటతో మూడును లేవని తీర్పుచెప్పుట అన్యాయము.

4. భాషాభేదములు

(అ) దేశభేదము. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయపదములను సేకరించి కూర్చిన మాండలిక వృత్తిపదకోశము 1962లో వెలువడినది. ఆ పరిశోధన ననుసరించి తెలుగుదేశమును పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్యమండలములుగా విభజించుట వాడుకయైనది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలు మధ్యమండలము, తెలంగాణము ఉత్తరమండలము. మైలవరమున 'వచ్చాడు' అన్నది సరిహద్దు దాటిన వెనుక 'వచ్చిండు' అగును. రాయలసీమలో 'వచ్చినాడు' అగును. ఈ మూడును ఒకే క్రియకు క్రమబద్ధములైన రూపములు. ఒకటి సరియైనది, తక్కినవి చెడినవి యనుటకు శాస్త్రమున నాధారము లేదు.

మాండలికపు టెల్లలను నదులును కొండలును మాత్రమే గీయవు; పరిపాలనయు గీయును. 1956 నవంబరు 1 వరకు తిరువూరు ఒక రాజ్యమునను, దానికెదుటి ఖమ్మము సీమ మరియొక రాజ్యమునను ఉండెను. చెన్నపట్టణపు పరిపాలనలో నున్నవారికి పొలము లెక్క 'అడంగలు', వ్రాయువాడు 'కరణము'. నిజాము పరిపాలనలో నున్నవారికి అదే లెక్క 'పహాణీ', వ్రాయువాడు 'పట్వారి'. ఆ గ్రామోద్యోగములు 1984 నాటి రద్దుతో తొలగిపోయినను మాటలు నిలిచినవి. భూమి ఒక్కటియే, పంటయు ఒక్కటియే. కాగితము పేరు మాత్రము వేరు.

(ఆ) వృత్తిభేదము. ప్రతి వృత్తికి నొక పలుకుబడి కలదు. కొండపల్లి బొమ్మల పనివారికి 'పొణికి' యనగా బొమ్మకు తగిన తేలిక కొయ్య; 'మక్కు' అనగా రంపపుపొట్టు, చింతగింజలపిండి కలిపి చేసిన ముద్ద. విడివిడిగా చెక్కిన అంగములను దీనితోనే అతికింతురు. డెల్టా రైతునకు 'దమ్ము' అనగా నీరుపెట్టిన మడిని బురదగా దున్నుట; పట్టణవాసికి ఆ ధ్వనియే ధైర్యమును తెలుపును. కాలువగట్టున 'లాకు' ఇంగ్లీషునుండి వచ్చినది, 'లస్కరు' పారసీకమునుండి వచ్చినది, 'బోదె' మనది. మామిడితోటలో 'కలెక్టరు' జిల్లాధికారి కాడు. తోతాపురి కాయకు ఈ సీమలో నదియే పేరు. ఏ నిఘంటువును చూడకయే తోటకాపు ఈ రెండర్థములను సందర్భమునుబట్టి వేరుచేయగలడు. వృత్తిభాషను కొరతపడిన భాష యనువారు ఈ సూక్ష్మతను గమనింపలేదనవలెను.

(ఇ) సందర్భభేదము. ఒకే మనుష్యుడు ఇంటిలో నొకరీతిగను, సభలో నొకరీతిగను, వ్రాతలో నొకరీతిగను భాషను వాడును. ఉన్నతకార్యములకొక రూపమును, నిత్యవ్యవహారమునకొక రూపమును వేరువేరుగా నిలుపుకొన్న సమాజస్థితికి చార్లెస్ ఫెర్గూసన్ 1959లో డైగ్లాసియా యను పేరిడి చర్చించెను. తెలుగుదేశము చిరకాల మా స్థితియందే యుండెను. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావులు లేవదీసిన వాడుకభాషావాదమునకును, జయంతి రామయ్య మొదలగువారి ప్రతివాదమునకును మూలమిదియే.

ఐనను గ్రాంథికభాష పండితులకే పరిమితమై యుండెననుట సరికాదు. 20వ శతాబ్ది తొలిపాదమున మైలవరము జమీందారుల పోషణలో బాలభారతీ నాటకసమాజము వెలసినది. యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి వంటి ప్రసిద్ధనటుల పేర్లు దానితో ముడిపడియున్నవి. ఆనాటి పద్యనాటకమున రాజపాత్రలు పద్యమును రాగయుక్తముగా పాడి, గ్రాంథికవచనము పలికెడివి. హాస్యపాత్రలకు వాడుకమాట చెల్లెడిది. అక్షరమెరుగని శ్రోతలు రాత్రియంతయు మేల్కొని విని, పద్యములను కంఠస్థము చేసిరి. వారు ఆ భాషను మాటలాడలేదు, కాని గ్రహించిరి. మాటలాడు భాష వేరు, గ్రహించు భాష వేరు అను నీ సత్యమును ఆ రంగస్థలము చక్కగా ప్రదర్శించినది. ఈ వ్యాసపు శైలియు నట్టిదే. మైలవరపు అంగడిలో నెవ్వరు నిట్లు మాటలాడరు.

(ఈ) సాధనభేదము. ధ్వని ప్రధానసాధనమైనను ఏకైకసాధనము కాదు. కూచిపూడి నర్తకి హస్తాభినయముతో కథ చెప్పును. కాని యది పూర్వసిద్ధమైన సాహిత్యము ననుసరించి నడచునది. బధిరులు తమలో వ్యవహరించు సంజ్ఞాభాష యట్టిది కాదు. దానికి సొంత వ్యాకరణము కలదు. ఏ విషయమునైనను అందు క్రొత్తగా చెప్పవచ్చును. కాబట్టి అది ఉపచారార్థమున కాక ముఖ్యార్థముననే భాష. పిల్లలు ప్రతి అక్షరమునకు ముందు 'క' చేర్చి యాడుకొను 'కభాష'యన్ననో వేరు భాష కాదు. తెలుగునకు తొడిగిన ముసుగు. 1887లో జామెన్‌హోఫ్ ప్రకటించిన ఎస్పెరాంటో కృత్రిమముగా నిర్మింపబడినది. ఐనను మాటలాడువారు కలుగుటచే క్రమముగా భాషాలక్షణములను పొందినది.

(ఉ) కుటుంబభేదము, నిర్మాణభేదము. తెలుగు మొదలగు దక్షిణదేశభాషలు సంస్కృతమునుండి పుట్టినవి కావని ఎల్లిస్ 1816లో, క్యాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణమునకు చేర్చిన పీఠికలో నిరూపించెను. 1856లో కాల్డ్వెల్ ద్రావిడభాషల తులనాత్మకవ్యాకరణమును ప్రకటించెను. నిర్మాణమునుబట్టి తెలుగు ధాతువునకు ప్రత్యయములను వరుసగా జోడించు భాష. ఈ రెండును పదజాలముతో సంబంధము లేని విభాగములు. తెలుగున సంస్కృతపదము లెన్నియున్నను దాని కుటుంబము మారలేదు. లాకు, కలెక్టరు చేరినంతమాత్రమున నిర్మాణమును మారలేదు: 'లాకులకు', 'కలెక్టరుగారితో' అని మన ప్రత్యయములే వానికి తగులుచున్నవి.

(ఊ) స్థానభేదము. శాసనములును ప్రభుత్వములును భాషలకు స్థానములు కల్పించును. 1966 నాటి చట్టముచే తెలుగు ఆంధ్రప్రదేశమున నధికారభాష యయ్యెను. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలున నేడు 22 భాషలు కలవు. 2008లో తెలుగు కన్నడములకు శ్రేష్ఠభాషాస్థానము లభించినది. 2024 నాటికి ఆ స్థానము పొందినవి 11. ఈ స్థానములు ఉద్యోగములకు, గ్రంథప్రచురణకు, పాఠశాలలకు సంబంధించిన వగుటచే విలువైనవే. కాని ఇవి భాషయొక్క స్వభావమును చెప్పవు. దానిని మాటలాడువారికి లభించిన గుర్తింపును మాత్రమే చెప్పును.

5. లిపి లేనిది భాష కాదా?

మైలవరమునుండి తిరువూరు పోవు త్రోవలో ఎ. కొండూరు ప్రాంతమున లంబాడీ తండాలు పెక్కు కలవు. తండాలో తల్లి 'యాడి', తండ్రి 'బా', నీరు 'పాణి'. గోర్ బోలి యని వారు చెప్పుకొను నీ భాష ఇండో-ఆర్యశాఖకు చెందినది. తెలుగునకు మాండలికము కాదు. దానికి సొంత లిపి లేదు. మన రాష్ట్రమున దానిని తెలుగు లిపిలో వ్రాయుదురు; ఇతరచోట్ల ఆయా ప్రాంతముల లిపులలో వ్రాయుదురు.

దీనిని భాష కాదనువారు చెప్పు హేతువు లిపి లేకపోవుటయే. ఈ హేతువు నిలువదు. సంస్కృతమునకు తనదని చెప్పదగిన ఏకైకలిపి ఏనాడును లేదు. దేశమునందలి లిపులన్నింటను వ్రాయబడినది. తెలుగు విషయమునే చూతము. ఈ జిల్లాలోనే జగ్గయ్యపేట స్తూపముకడ ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని కాలపు శాసనములు ప్రాకృతభాషలో, బ్రాహ్మీలిపిలో నున్నవి. మనకు తెలిసిన తొలి తెలుగుశాసనములు 6వ శతాబ్ది యుత్తరార్ధమునందలి రేనాటి చోళులవి. బెజవాడయందలి యుద్ధమల్లుని శాసనమున తెలుగు మధ్యాక్కరలలో వెలసినది సుమారు 10వ శతాబ్ది ప్రాంతమున. మరి వీరపురుషదత్తుని కాలమున కృష్ణాతీరమున దుక్కిదున్నిన తెలుగువానికి భాష లేదనగలమా? అతని భాష శాసనమున కెక్కలేదు, అంతియే. నేడు తండాలోని భాషకు మనము చెప్పు తీర్పు నాడు మన భాషకును చెల్లియుండెడిది.

జనాభాలెక్కలయందును ఈ చిక్కు కలదు. జనగణనలో మాతృభాష యనగా శైశవమున తల్లి ఆ వ్యక్తితో మాటలాడిన భాష యని నిర్వచనము. నిర్వచనము చక్కనిది. 2011లో ప్రజలు చెప్పిన పేర్లు 19,569. వానిని పరిశీలించి 1,369 మాతృభాషలుగా క్రోడీకరించి, పదివేలమందికి తక్కువకాకుండ మాటలాడువారు గల 121 భాషల క్రింద చేర్చిరి. ఆ కూర్పులో లంబాడీ హిందీ క్రింద చేరినది. దానిని మాతృభాషగా చెప్పినవారు 32 లక్షలకు పైగా నున్నను, భాషల పట్టికలో దానికి వేరు వరుస లేదు. వర్గీకరణము లెక్కకు కావలసినదే కావచ్చును. కాని తండాలోని బాలుడు హిందీ మాటలాడు బాలుడు కాడు. వానికి హిందీ పాఠమును తెలుగు పాఠమును సమానముగా పరభాషలే.

తెలుగులోని మాండలికమును 'యాస' యని తేలికపరచుటయు ఈ కోవలోనిదే. ఇచ్చట తర్కము వేరు, ఫలము ఒక్కటి. మాండలికము తెలుగే, వేరు భాష కాదు. లంబాడీ వేరు భాష, తెలుగు కాదు. ఐనను రెండింటిని మాటలాడు పిల్లలును తరగతిలో 'భాష రానివారు'గా నొకే బల్లమీద కూర్చుండవలసివచ్చుచున్నది.

భరతుడు శబరుల పలుకును విభాష యనెనని పైన చెప్పితిమి. ఆ శబరులే నేటి సవరలని నిశ్చయించుట మా యుద్దేశము కాదు. కాని సవరల భాషను నాగరికులు భాషగా నెంచని కాలమున గిడుగు రామమూర్తి వారితో కలిసిమెలిసి ఆ భాషను నేర్చి, 1931లో ఇంగ్లీషున దాని వ్యాకరణమును ప్రకటించెను. అందు సూక్ష్మమైన ధ్వనిభేదములును, విస్తృతమైన క్రియారూపములును గల సంపూర్ణవ్యవస్థ బయల్పడినది. వాడుకతెలుగు పక్షమున నిలిచినవాడును, సవరభాషకు వ్యాకరణము వ్రాసినవాడును ఒకడే యగుట యాదృచ్ఛికము కాదు. మాటలాడువారిని విని, పిమ్మట లక్షణము చెప్పవలెనను సూత్రమే రెండు కృషులకును మూలము.

6. ఉపసంహారము

భాషాశబ్దము వ్యక్తవాక్కను మూలార్థమునుండి వాడుకపలుకు, నివేదనము, ప్రతిజ్ఞ, పదజాలము, దేశభాష అను నర్థములకు వ్యాపించినది. శాస్త్రమున శక్తి, వ్యవస్థ, వ్యవహారము అని మూడుగా విడినది. దేశము, వృత్తి, సందర్భము, సాధనము, కుటుంబము, నిర్మాణము, స్థానము అనునవి భాషలను విభజించుటకు వేర్వేరు కొలబద్దలు. ఒక కొలబద్దతో కొలిచిన ఫలితమును మరియొక కొలబద్దకు అన్వయించుటయే పొరపాటు. లిపియు, అధికారస్థానమును లేమి స్థానమునకు సంబంధించిన కొరత. దానిని స్వభావమునందలి కొరతగా చెప్పరాదు.

ఉపాధ్యాయులకు మా మనవి యొక్కటి. విద్యార్థిని గూర్చి 'భాష రాదు' అని వ్రాయుటకు ముందు ఏ భాష, ఏ యర్థమున, ఎవరి కొలబద్దచే అని మూడు ప్రశ్నలు వేసికొనవలెను. పరిశోధకవిద్యార్థులకు మరియొక మనవి. 1962 నాటి కోశమునకు మాటలు చెప్పిన రైతుల తరము గతించినది. మోట, కపిలె మూలబడినవి. వానితో వాని అంగాంగముల పేర్లును మరుగగుచున్నవి. కొండపల్లి పనివారి మాటలు, తోటకాపుల మాటలు, తండాలలో పెద్దలు చెప్పు కథలు నేటికిని వినవచ్చును. గ్రంథాలయమున దొరకనివానికై ఈ రహదారిపై బస్సెక్కి పోవలెను. వినువాడు పోనిచో చెప్పువా డుండియు ఫలము లేదు.